పొద్దు గుంకకముందు ఒకరు, చుక్క పొడిచాక ఒకరు

కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నవాళ్లు ఆకాశంలో చుక్క కనబడితే గాని ముద్ద ముట్టరు. జైనులు పొద్దు గుంకితే ఇక ముద్ద ముట్టరు. ఈ ఇద్దర్నీ ఒకే సాయంత్రం భోజనానికి పిలిచిన ఘనుడు మా ఆయన. మా ఇంట్లో పిలవడం ఆయన శాఖ, వండటం నా శాఖ. ఈ రెండింటికీ మధ్య ఏం వండాలో తేల్చుకోవడం అనే పని ఒకటుంటుందని ఇన్నేళ్ల కాపురంలో ఆయన చెవిన పడనేలేదు.

"సోమవారమే ఎందుకండీ?" అన్నాను.

అమెరికా నుంచి వచ్చిన మా మరిదివాళ్ల తిరుగు విమానం మంగళవారం తెల్లవారుజామునట. ఆదివారం వాళ్లు తోటికోడలి పుట్టింట్లో ఉంటారట. పనిలో పనిగా అందర్నీ అదే రోజు పిలిచేస్తే ఒక్క వంటతో పోతుందట. ఒక్క వంట!

మా చిన్నప్పుడు చుట్టాలొస్తే మా అమ్మకు ఉండే సందేహం ఒక్కటే, పప్పా, కోడా అని. దానికి వారం చూసుకుంటే చాలు. సోమవారమో శనివారమో అయితే పప్పు, కాకపోతే కోడి. ఊరందరికీ ఒకటే పంచాంగం. ఇప్పుడు మనిషికో పంచాంగం, అదీ ఫోన్ చేసి అడిగితేనే తెలిసేది.

అడిగాను. తోటికోడలు, "అక్కా, నాకు గోధుమ అసలు పడదు. ఇది ఫ్యాషన్ కాదు, సెలియాక్ అని డాక్టర్లు తేల్చేశారు" అంది. పాపం, అది నిజమే. గోధుమలో ఉండే గ్లూటెన్ రవ్వంత పోయినా దాని పేగులు ఊరుకోవు. వెనక నుంచి దాని కూతురు ఫోన్ అందుకుని, "పెద్దమ్మా, నేను వీగన్. పాలు, పెరుగు, నెయ్యి, తేనె ఏవీ తినను. కానీ నాకోసం స్పెషల్‌గా ఏం చెయ్యకు" అంది. ఈ చివరి మాటను మాత్రం ఎప్పుడూ నమ్మకూడదు. ఏం చెయ్యొద్దన్నవాళ్లకే ఎక్కువ చెయ్యాల్సొస్తుంది. మా మరిదికి ఏ పట్టింపూ లేదు గాని, ఏదైనా తింటానని చెప్పే ముందు కూతురి మొహం, చెప్పాక భార్య మొహం చూస్తాడు.

మా బాబాయి మంతెన సత్యనారాయణరాజు గారి శిష్యుడు. ఉప్పు, నూనె, పంచదార మానేసి ఏళ్లయింది. మా పిన్నిది ఖాదర్ వలీ గారి పక్షం. వరి, గోధుమ వదిలేసి కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికలు, ఊదలు వరసలో తింటుంది. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆవిడ వీధి వీధంతా మిఠాయి పంచింది, అదీ కొర్రపిండితో చేసినదే. అదే ఏడాదిని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించింది కదా, దాన్ని కూడా తన ఖాతాలోనే వేసుకుంది. ఒకే వంటింట్లో రెండు సిద్ధాంతాలున్నా ఆ దంపతుల మధ్య గొడవల్లేవు. ఎలా వండాలో చెప్పేది ఆయన సిద్ధాంతం, ఏది వండాలో చెప్పేది ఆవిడది. ఉప్పు లేని అరికల అన్నం దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరింది. ఆ రాజీలో దెబ్బతినేది వాళ్లింటికి వెళ్లే చుట్టాలు.

మా ఆయన స్నేహితుడొకాయన వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి పట్టాడు. అన్నం, రొట్టె, పప్పు ఏదీ కుదరదు. కొబ్బరినూనె, నెయ్యి, నిమ్మకాయలు, లీటర్ల కొద్దీ నీళ్లు. మా బాబాయి వదిలేసిన నూనెంతా ఈయన వంతుకే వస్తోందేమో అనిపిస్తుంది.

ఇక పొద్దు గుంకితే తినని వాళ్లు పక్క ఫ్లాట్ జైన దంపతులు. కొలనుపాక గుడికి వెళ్లినప్పుడల్లా మమ్మల్నీ కారెక్కించుకుని తీసుకెళ్లేంత స్నేహం. కార్తీకమంతా మా ఇంట్లో నీచు వండం కాబట్టే వస్తామన్నారు. చుక్క చూసి తినేది మా పెద్దాడపడుచు. ఆవిడకు ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. మాల వేసుకున్న మా మేనల్లుడు స్వామి మాత్రం, "పీఠం దగ్గరే భిక్ష, ఇంకెక్కడా తినను" అని ఒక్క ముక్కలో నన్ను కటాక్షించాడు. స్వామియే శరణమయ్యప్ప.

మిగిలింది మా పెద్ద మేనమామ. భీమవరం మనిషి. ఏ నియమమూ లేదు. డాక్టర్లు ఏవో చెప్పారు గాని ఆయన వినలేదు. "చేపల పులుసు చేస్తావుటే?" అన్నాడు ఫోన్‌లో. "కార్తీకం మామయ్యా" అన్నాను. అవతలి నుంచి చాలాసేపు మాట రాలేదు.

కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. గుత్తి వంకాయ రాశాను. ఉల్లి లేకుండా చెయ్యొచ్చు గాని, గింజలెక్కువని పక్కింటి భాభీజీ వంకాయే ముట్టదు. కంద బచ్చలి రాశాను. కంద దుంప. ఆలుగడ్డ, చామ, క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్, నేల కింద పుట్టిన నేరానికి అన్నిటికీ దేశబహిష్కారం. అల్లం కూడా పోయింది. శొంఠి మాత్రం పర్వాలేదట. కార్తీక పౌర్ణమి ఇంకా రాలేదు, అందాకా వాళ్లకు చాతుర్మాస్యం, ఆకుకూరలు తినరు. పాలకూర పప్పు, గోంగూర పచ్చడి కూడా కొట్టేశాను.

"మరి వేరుశనగ భాభీజీ? అదీ నేలలోదే కదా" అని అనుమానంగా అడిగాను.

"మూంగ్‌ఫలీ చలేగా!" అంది ఆవిడ ధీమాగా. ఆలోచిస్తే సబబుగానే ఉంది. వేరుశనగ దుంప కాదు, వేరూ కాదు. పువ్వు పైనే పూస్తుంది, ఆ పువ్వు నుంచి ఊడ దిగి నేలలో కాయ కడుతుంది. అహింసకూ వృక్షశాస్త్రానికీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని నాకు బళ్లో ఎవరూ చెప్పలేదు.

వేరుశనగ మిగిలింది కదా అని పులిహోర రాశాను. మా తెలుగువాళ్లకు అన్ని చిక్కులకూ పులిహోరే పరిష్కారం. చింతపండు, పసుపు, ఎండుమిర్చి, ఇంగువ, ఎవరికి అభ్యంతరం? అని ధీమాగా ఉండి, ఎందుకైనా మంచిదని ఇంగువ డబ్బా తిప్పి వెనక అచ్చేసిన చీమ అక్షరాలు చదివాను. గోధుమపిండి! బజార్లో దొరికే కూటు ఇంగువలో అసలు ఇంగువ కొంచెమే, మిగతాది పిండి, జిగురు. ఇన్నేళ్లుగా పోపులో వేస్తున్నది సగం పిండే అన్నమాట. డబ్బా ముందు వైపున పచ్చ చుక్క మాత్రం నిక్షేపంగా ఉంది. ఆ చుక్క శాకాహారమా కాదా అన్నదొక్కటే చెబుతుంది. మా తోటికోడలి పేగుల సంగతి దానికేం తెలుసు?

తీపి దగ్గర సగ్గుబియ్యం పాయసం అనుకున్నాను. కొబ్బరిపాలు, బెల్లం వేస్తే వీగన్ పిల్లకూ సరిపోతుంది, గోధుమ బాధా లేదు. కానీ నేను గోదావరి జిల్లా దాన్ని. సామర్లకోట, పెద్దాపురం దారిలో కర్రపెండలం దుంపలు కుప్పలు పోసి సగ్గుబియ్యం తియ్యడం చూసినదాన్ని. తెలిసి తెలిసి దుంపను ముత్యాల వేషంలో జైనుల ముందు పెట్టలేను కదా. అజ్ఞానంలో ఎంత పుణ్యముందో!

ఎర్రగడ్డ రైతుబజార్‌కు వెళ్లి కూరల మధ్య అటూ ఇటూ తిరిగాను. చివరకు తేలింది బీరకాయ. దుంప కాదు, ఆకు కాదు. పిండి పదార్థం తక్కువ కాబట్టి నూనె మిత్రుడికి సరే. మా బాబాయికైతే ప్రాణం. ఎవరికీ అభ్యంతరం లేని కూర దొరికిందని పొంగిపోయి, ఆ వెంటనే గ్రహించాను, అది ఎవరికీ ఇష్టం లేని కూర కూడా అని. బీరకాయ కూర తినడానికి ఫలానా వాళ్లింటికి వెళ్లొచ్చామని చెప్పుకున్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఈ భాగోతమంతా మా అత్తయ్యగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ వింటున్నారు. "దీనికేనా ఇంత హైరానా?" అన్నారు. ఆవిడ చిన్నతనంలో పక్కింటి పంతులుగారి తల్లి చాతుర్మాస్య వ్రతం పట్టేదట. మొదటి నెల కూరలు లేవు, రెండో నెల పెరుగు లేదు, మూడో నెల పాలు లేవు, నాలుగో నెల, అంటే ఈ కార్తీకంలో, పప్పు లేదు. నాకు ఒళ్లు జలదరించింది. పెరుగు మాని, పాలు మాని, ఆ తర్వాత పప్పు మాని! మా వీగన్ పిల్ల, మా ఆయన స్నేహితుడు తామేదో కొత్తగా కనిపెట్టామనుకుంటున్నారు. ఆ ముసలావిడ ఇద్దరి దారులూ వంతులవారీగా నడిచింది, ఒక్క వీడియో కూడా చూడకుండా.

"ఆవిడ పెళ్లిళ్లకు వస్తే ఏం పెట్టేవాళ్లు?" అన్నాను.

"ఏముంది, అందరికీ పెట్టిందే. ఆవిడకు వద్దన్నది వడ్డించేవాళ్లు కాదు" అన్నారు. "అన్నీ చప్పగా వండి పెట్టు. ఉప్పు విస్తరి మూల వెయ్యి. నెయ్యి అడిగి వెయ్యి. తాలింపు విడిగా గిన్నెలో పెట్టు. కలుపుకునేది వాళ్లు కదా, నువ్వెందుకు కలుపుతావు?"

ఈ మాట మీద నేను చాలాసేపు ఆలోచించాను. బిర్యానీ అయితే అంతా హండీలోనే తేలిపోతుంది. దమ్ పెట్టి మూత వేశాక తినేవాడి మాట చెల్లదు. మన విస్తరి అలా కాదు. అన్నం వేరు, పప్పు వేరు, నెయ్యి వేరు, ఉప్పు వేరు, పచ్చడి వేరు, పెరుగు వేరు. వండినావిడ సరుకు అందిస్తుంది, వంట పూర్తయ్యేది తినేవాడి అయిదు వేళ్ల మధ్య. ఇంత స్వేచ్ఛ చేతిలో పెట్టుకుని మనం పార్టీ అనగానే ఫ్రైడ్ రైస్ చేస్తాం.

కాగితం చింపేసి కొత్తది రాశాను. ఉప్పు లేని ముద్దపప్పు. అన్నం, పక్కనే సామల అన్నం. మగ్గపెట్టిన బీరకాయ. ఇంగువ పడని మిరియాల చారు. తాలింపు లేని కొబ్బరి పచ్చడి. ఈ కొబ్బరి ఒక్కటే ఆ రోజు అన్ని మతాలనూ ఏకం చేసింది, కోనసీమకు దణ్ణం పెట్టాలి. విడిగా ఉప్పు, నెయ్యి, పెరుగు, ఇంగువ లేని పోపు. పెసరపప్పు, బెల్లం, కొబ్బరిపాలతో పాయసం. నూనె మిత్రుడికి వేరే మూకుట్లో నేతిలో వేయించిన పనీర్.

సామలు తెల్లవారే నానబెట్టాను. "ఎన్ని గంటలు నానాయి?" అని మా పిన్ని గుమ్మంలోనే అడిగింది, ఇంకా చెప్పులు కూడా విప్పకుండా.

ఆ రోజుల్లో హైదరాబాద్‌లో సూర్యుడు అయిదూ నలభైకల్లా దిగిపోతాడు. అందుకని జైన దంపతులకు అయిదింటికే మొదటి పంక్తి. మా మేనమామ నాలుగున్నరకే వచ్చి, "ఒంటరిగా కూర్చోబెడితే బాగుండదే" అని వాళ్ల పక్కన కూర్చున్నాడు. వాళ్లు లేచాక మా ఆయన కూర్చున్నారు. తను కూడా ఈమధ్య ఆరు దాటితే తినడం లేదని అప్పుడు బయటపెట్టారు! ఆయనకూ మామయ్యే తోడు.

ఆరు దాటాక డాబా మీద మరో ఘట్టం. మా ఆడపడుచు పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లతో ఉంది. "అదిగో చుక్క!" అన్నాడు మా మరిది. అది కదిలింది. శంషాబాద్ వైపు దిగుతున్న విమానం. పడమటి దిక్కున ఇంకోటి మెరిసింది. వీగన్ పిల్ల ఫోన్ ఎత్తి చూసి, "అది స్టార్ కాదత్తా, వీనస్. ప్లానెట్" అంది. ఆకలితో ఉన్న మనిషికి ఖగోళశాస్త్రం చెప్పకూడదు. మా ఆడపడుచు దాని వంక చూసిన చూపు మళ్లీ చెప్పదగ్గది కాదు. "శుక్రుడైతేనేం, దేవుడు కాడా? కిందికి రండి, చారు చల్లారిపోతోంది" అని మెట్ల దగ్గర నుంచి అత్తయ్యగారు తీర్పు చెప్పారు.

చివరి పంక్తిలో ఎవరిది వాళ్లు కలుపుకున్నారు. నూనె మిత్రుడు కొబ్బరి పచ్చడిలో ఇంత నెయ్యి పోసుకున్నాడు, మా బాబాయి మొహం తిప్పుకున్నాడు. తోటికోడలు పోపు గిన్నె దగ్గర ఆగి నా వంక చూసింది, "ఇంగువ లేదు, వేసుకో" అన్నాను. బీరకాయ కూర గిన్నె మాత్రం సగమే ఖాళీ అయింది. ఆ సగం కూడా మా మామయ్య చలవే. ఆయన ఈ చివరి పంక్తిలోనూ కూర్చున్నాడు. జైన భోజనం, ఉపవాస భోజనం, సిరిధాన్యాలు, ఉప్పు లేనిది, నెయ్యి ఓడేది, అన్నీ రుచి చూసి చెయ్యి కడుక్కుంటూ, "అన్నీ బాగున్నాయే, భోజనమే లేదు" అన్నాడు.

ఆయనకు చేపల పులుసు బాకీ ఉన్నాను. మార్గశిరం రాగానే ఓ ఆదివారం చూసుకుని పెడుతున్నాను, ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి అన్నీ దండిగా వేసి. ఏ నియమాలూ లేనివాళ్లు మీలో ఇంకా ఎవరైనా మిగిలుంటే తప్పకుండా రండి. ముందు ఫోన్ కూడా చెయ్యక్కర్లేదు.