బలం బాబాయిగారు

పిల్లలున్న ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒక బలం బాబాయిగారు ఉంటారు. నేను చెప్పబోయేది రాజమండ్రిలో మా పక్క వాటా ఆయన గురించేగానీ, మీ మెట్లమీద కూడా ఒకరు ఉండే ఉంటారు. తల్లి చంకలో పిల్లాడు కనబడితే చాలు, వాడి మణికట్టు చుట్టూ బొటనవేలూ చూపుడువేలూ చేర్చి చూస్తారు. వేళ్లు కలిశాయా, “చిక్కాడమ్మా!” అని తీర్పు. మూడేళ్ల పిల్లాడి చెయ్యి, కలవక ఏం చేస్తాయి? తల్లి మొహం వాడిపోతుంది. లిఫ్టు తలుపు తెరుచుకునేలోపు మందు కూడా చెప్పేస్తారు.

ఆయన లెక్కలో పిల్లలకి జబ్బులు లేవు. ఉన్నదల్లా బలం లేకపోవడమే. జలుబు చేస్తే బలం లేక. పళ్లు ఆలస్యమైతే బలం లేక. అన్నం తినకపోతే బలం లేక, తింటే తిన్నది వంటబట్టక. గోడలమీద పిచ్చిగీతలు గీసేవాడికి మాత్రం మెదడు బలం ఎక్కువట. గీసేది సాధారణంగా ఆయన మనవడు బుజ్జిగాడే కాబట్టి అంతకంటే ఏం చెబుతారు?

ఆయన బీరువా ఒకసారి చూడాలి. కింది అరలో వసకొమ్ము, శొంఠి, వాము, కరక్కాయ, జాజికాయ, వీటిని అరగదీసే సానరాయి, ఆముదం సీసా. పై అరలో ఐరన్ టానిక్కు, కాల్షియం, జింకు, మల్టీవిటమిన్ చుక్కలు, గ్రైప్ వాటర్. ఇంగ్లీషు మందు గొప్పా, నాటు మందు గొప్పా అని కొట్టుకునేవాళ్లని ఆ బీరువా ముందు నిలబెట్టాలి. రెండు అరలూ ఏళ్ల తరబడి సఖ్యంగా ఉన్నాయి. చేదుగా ఉండాలి, లేదా ఖరీదుగా ఉండాలి, లేదా దూరం నుంచి రావాలి. ఈ మూడింటిలో ఒకటి లేనిదే అది ఆయన దృష్టిలో మందు కాదు.

వసకొమ్ము మీద ఆయనకి గురి ఎక్కువ. మాటలు త్వరగా రావాలని పసిపిల్లల నాలుకకి అరగదీసి రాయడం మన ఇళ్లలో పాత అలవాటే. దాన్లో బీటా అసరోన్ అనే పదార్థం ఉందనీ, ఎలుకలకి పెట్టి చూస్తే కణితులు వచ్చాయనీ, అమెరికాలో తినే వస్తువుల్లో వస కలపకూడదని 1968లోనే నిషేధించారనీ నేనోసారి చెప్పాను. ఆయన సానరాయి కడుక్కుంటూ, “మరి వాళ్లకి తెలుగొచ్చిందేంటండీ?” అన్నారు.

తేనె విషయంలో మాత్రం దారికొచ్చారు. ఏడాది నిండని పిల్లలకి తేనె నాకించకూడదనీ, అరుదుగానే అయినా దాన్లో ఉండే బాక్టీరియా బీజాలవల్ల బాట్యులిజం వస్తుందనీ, కండరాలు చచ్చుబడి ఊపిరికే ముప్పనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బాబాయిగారు మానేశారు. కారణం అడిగితే, “అసలైన తేనె ఎక్కడ దొరుకుతోందండీ? అంతా బెల్లం పాకం” అన్నారు. కారణం ఏదైతేనేం, ఆయన చంటి మనవరాలు బతికిపోయింది.

డాక్టరమ్మ దగ్గరికి ఆయన బుజ్జిగాణ్ణి తీసుకెళ్లినప్పుడు పక్క కుర్చీలో నేనున్నాను. తూకం పద్నాలుగు కేజీల రెండొందలు. వయసుకి తగ్గ బరువే అందామె. “మరి తినట్లేదండీ!” అన్నారీయన. ఆవిడ ఓపిగ్గా చెప్పింది: పుట్టినప్పటి బరువు ఏడాది తిరిగేసరికి మూడింతలవుతుంది, రెండేళ్లు దాటాక పెరిగేది ఏడాదికి రెండు కేజీలే, కాబట్టి ఆకలి తగ్గడం సహజం. పైగా బలానికని రోజుకి లీటరు పాలు పట్టిస్తున్నారు, ఇక అన్నానికి పొట్టలో చోటెక్కడ? పాలు మితిమీరితే రక్తం తగ్గుతుంది. ఐరన్ మందు పాలల్లో కలిపితే ఒంటికి పట్టదు. ఆయన అన్నీ విన్నారు. విని, “అదంతా సరేనమ్మా, బలానికేదైనా రాయండి” అన్నారు.

ఆమె రాసింది. గుడ్డు, పప్పు, ఆకుకూర, జామకాయ, సాయంత్రం ఆట, పాలు సగానికి సగం తగ్గించాలి. బాబాయిగారు కాగితం తిరగేసి వెనకవైపు కూడా చూశారు. “మంచిదేనండీ పాపం, రాయడం రాదు” అన్నారు బయటికొచ్చాక. ఆ కాటా మీద కూడా నమ్మకం కుదరక, దారిలో బియ్యం కొట్టు ముందు ఆగి పిల్లాణ్ణి మళ్లీ తూయించారు. “చెప్పులు తీసెయ్యమనండి, నూటయాభై తేడా వస్తది” అన్నాడు షావుకారు. ఆ తూకం మాత్రం జేబులో పుస్తకంలోకెక్కింది.

ఊరికే వచ్చేదంటే ఆయనకి చులకన. అంగన్‌వాడీలో ‘ఏ’ విటమిన్ చుక్కలు పోస్తామంటే మనవణ్ణి పంపలేదు. తొమ్మిది నెలల నుంచి ఐదేళ్లదాకా ఆరేసి నెలలకోసారి, మొత్తం తొమ్మిది మోతాదులు. పిల్లల కళ్లు పోకుండా 1970లో దేశంలో మొదలైన పథకం అది. దాని వెనకున్న పరిశోధన మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థది. “ఊరికే పోసేదాంట్లో ఏం బలముంటుందండీ?” అంటారు. ఫిబ్రవరిలో, ఆగస్టులో వేసే నులిపురుగుల మాత్రకీ అదే జవాబు. విటమిన్లన్నీ మన భీమవరం వాడే కనిపెట్టాడని ఛాతీ విరుచుకుంటారు మళ్లీ. అన్నీ కాదు. 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసిన బృందానికి పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ ఫోలిక్ యాసిడే ఆశా కార్యకర్త ఊరికే ఇచ్చే ఐరన్ సిరప్‌లోనూ ఉందంటే మాత్రం వినిపించుకోరు. అదే సరుకు మందుల షాపులో డబ్బుపెట్టి కొనుక్కొస్తారు.

ఆ ఇంటికి అసలు కాపలా కోడలు. బ్యాంకులో పనిచేస్తుంది, అంకెలు కంటపడితే వదలదు. ఓరోజు మావగారు తన మోకాళ్లకని డాక్టరిచ్చిన డి విటమిన్ పొట్లం ఐదు నెలల మనవరాలి ఉగ్గుగిన్నెలో కలపబోయారు. అది 60,000 యూనిట్లది. చంటిదానికి కావలసింది రోజుకి 400.

“మావయ్యగారూ, ఇది దానికి నూటయాభై రోజుల మందండీ.”

“అయితే ఐదు నెలలు శ్రమ తప్పుతుంది కదమ్మా.”

సి విటమిన్ ఎక్కువైతే చాలావరకు ఒంటేల్లో పోతుంది. డి అలా పోదు, ఒంట్లో పేరుకుని రక్తంలో కాల్షియం పెంచేస్తుంది. ఆ అమ్మాయి ఇదేమీ వివరించలేదు. గిన్నె తీసుకెళ్లి సింకులో వంపేసింది.

ఆయన్ని చూసి నవ్వుకుంటానుగానీ పూర్తిగా తీసిపారెయ్యలేను. చేతులు పుల్లల్లా, పొట్టలు ఉబ్బి ఉండే పిల్లల్ని ఆయన చిన్నప్పుడు వీధి బళ్లో పక్కనే కూర్చుని చూసినవాడు. ఆ పిల్లలకి లేనిది నిజంగానే బలం. ధవళేశ్వరంలో హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉన్న ఈ ఊళ్లో, ఫ్రిజ్జు నిండా గుడ్లున్న ఇంట్లో కూడా ఆయన కళ్లకి వాళ్లే కనబడుతుంటారు.

డాలస్‌లో ఉన్న కూతురు వచ్చి వెళ్లినప్పుడల్లా బీరువాకి పండగ. ఇక్కడినుంచి సూట్‌కేసులో వాము, శొంఠి, వసకొమ్ము వెళ్తాయి. అక్కడినుంచి విటమిన్ గమ్మీల డబ్బాలు వస్తాయి. ఎర్రవి, పచ్చవి, చిన్న చిన్న ఎలుగుబంట్లు. ఖరీదు ఉంది, దూరం ఉంది, ఒక్క చేదే తక్కువ. మొన్న వచ్చిన డబ్బా వారానికే సగమైంది. విచారిస్తే తేలిందేమిటంటే, బుజ్జిగాడు వరండాలో దుకాణం పెట్టాడు. ఒక చిప్స్ ముక్కకి ఒక ఎలుగుబంటి. పిల్లలు వరసకట్టారు.

కోడలు లబలబలాడింది. డాక్టరమ్మకి ఫోన్ చేసి లేబుల్ చదివి వినిపించింది. ఐరన్ ఉందా అనడిగింది ఆమె ముందు. లేదు. ఉంటే ఈపాటికి పిల్లలందర్నీ ఆస్పత్రికి పరిగెత్తించేదాన్ననీ, మిఠాయిలా ఉన్న మందు మందుకంటే ప్రమాదమనీ చీవాట్లు పెట్టింది. పిల్లల తల్లులందరికీ కబురు వెళ్లింది. అదృష్టం, ఎవడూ మూడుకి మించి తినలేదు. ఇప్పుడా డబ్బా ఇంటి దస్తావేజులతోపాటు లాకర్లో ఉంది.

బాబాయిగారు మాత్రం సాయంత్రందాకా వరండాలో వాలుకుర్చీలో ఆలోచిస్తూ కూర్చున్నారు. “ఇన్నేళ్లలో నా మందు ఒక్క పిల్లాడూ అడిగి తినలేదండీ. దానికోసం వరసలో నిలబడ్డారు చూశారా?” అన్నారు నాతో. రాత్రి డాలస్‌కి ఫోన్ చేసి, వసకొమ్ముతో అలాంటి ఎలుగుబంట్లు చేసిపెట్టేవాళ్లు అక్కడెవరైనా ఉన్నారేమో కనుక్కోమన్నారు.