ఎన్నిస్ ర్యాంబాబు

అసలు పేరు ఏదైనా కావచ్చు. ఐర్లండ్‌లో, క్లేర్ కౌంటీలో ఉన్న ఎన్నిస్ లాంటి ఊళ్లో నాలుగు తెలుగు కుటుంబాలు చేరాయంటే అందులో ఒక ర్యాంబాబు ఉండి తీరతాడు. ఉద్యోగం షానన్‌లోనో లిమెరిక్‌లోనో. భార్య ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో కొత్త ల్యాప్‌టాపులు రెండున్నాయి, వాటిని ఆయన ముట్టుకోడు. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు, ఆయన ప్రాణం మెట్ల కింద గురకపెడుతున్న పన్నెండేళ్ల నాటి డెస్క్‌టాప్‌లో ఉంది.

"పారెయ్యండీ దాన్ని" అని భార్య అన్నప్పుడల్లా ఒకటే జవాబు: "బాగానే ఉందే. కొంచెం ర్యామ్ పడాలి, అంతే." ఆ పేరు అలా వచ్చింది.

పిసినారి అనుకునేరు. దాని రిపేర్లకు పోసిన డబ్బుతో ఈపాటికి కొత్తది వచ్చేది. సెలవుల్లో హైదరాబాద్ వెళితే అత్తగారింటికంటే ముందు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కే వెళతాడు. ఆవకాయ సీసాల మధ్య డీడీఆర్3 ర్యామ్ ముక్కలు దూర్చి తెస్తాడు. తెచ్చాక చూస్తే అవి ఉద్దేశించిన మిత్రుడి సిస్టమ్‌ది డీడీఆర్4. రెండింటికీ గాటు ఉండే చోటు వేరు, ఎంత నొక్కినా దిగదు. మరొకడైతే ఏడుస్తాడు. ర్యాంబాబు మాత్రం ఆ ముక్కకు తగ్గ సిస్టమ్ ఎవరింట్లో ఉందా అని ఊరంతా ఆరా తీస్తాడు.

"అన్నయ్యగారూ, మా సిస్టమ్ స్లో అయిందండీ" అని ఫోన్ వస్తే చాలు, వానకోటు తగిలించుకుని సంచితో దిగుతాడు. సంచిలో స్టార్ స్క్రూడ్రైవర్, పెయింట్ బ్రష్, థర్మల్ పేస్ట్, ఏది ఏదో ఆయనకే తెలియని అరడజను పెన్‌డ్రైవులు. ముందు క్యాబినెట్ మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుంటాడు. మూత తీస్తాడు. ఇక్కడ మన ఊరి ఎర్రదుమ్ము ఉండదు, కార్పెట్ నూగు ఉంటుంది. అది ఫ్యాన్‌కి పట్టి, పేస్ట్ ఎండిపోయి, ప్రాసెసర్ వేడెక్కిందంటే మాడిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఇది చెప్పడానికి ఆయనకు అరగంట పడుతుంది. ఈలోగా ఉప్మా వస్తుంది.

తర్వాత టాస్క్ మేనేజర్. ఆన్ చేయగానే పందొమ్మిది ప్రోగ్రాములు లేస్తున్నాయి. అందులో మూడు ప్రింటర్‌వి. ఆ ప్రింటర్ పోయి నాలుగేళ్లయింది. ఇంటాయన తలదించుకుంటాడు. "స్పీడ్ పెంచుతుందట" అని ఇంకో క్లీనర్ సాఫ్ట్‌వేర్ కూడా వేసి ఉంటే ర్యాంబాబు ఇంటావిడ వైపు తిరిగి, "చూశావామ్మా" అంటాడు.

నిజానికి ఇంతా చేసి తేడా కనిపించేది ఒక్క పనికే. పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయడం. తిరిగే పళ్లెం మీద వెతుక్కునే ముల్లు పోతుంది కాబట్టి, కాఫీ కలిపేంతసేపు పట్టే స్టార్టింగ్ కప్పు అందుకునేలోపే అయిపోతుంది. ఆ పని మొదటే చేసి వెళ్లిపోవచ్చు. మరి ఉప్మా?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయినప్పుడు పాపం చాలా నలిగాడు. 11 వేద్దామంటే టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ప్రాసెసర్ కొత్తది కావాలి. ర్యామ్ ఎంత వేసినా ఒప్పుకోదు. ఐరోపా ఆర్థిక ప్రాంతంలో వాళ్లకి సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది ఉచితమని తెలిసిన రోజు కాకినాడలో బావకి ఫోన్ చేశాడు. "మాకు ఊరికే ఇస్తున్నారు. మీరు బ్యాకప్ అయినా పెట్టాలి, మైక్రోసాఫ్ట్ ఇచ్చే పాయింట్లో డబ్బులో అయినా కట్టాలట కదా?" దేశం వదిలి వచ్చినందుకు ఆయన ఒప్పుకున్న మొదటి లాభం ఇదే.

వచ్చిన వాళ్లందరికీ ఊరి చరిత్ర కూడా ఆయనే చెబుతాడు. 1997లో టెలికం ఎయిరాన్ సంస్థ పోటీ పెట్టి, ఐర్లండ్ మొత్తంలో ఎన్నిస్‌ని 'సమాచార యుగపు పట్టణం'గా ఎంచి, కోటిన్నర ఐరిష్ పౌండ్లు ప్రకటించింది. ఇంటింటికీ తక్కువ ధరకి కంప్యూటర్. కొందరు అమ్ముకున్నారు, కొన్నిళ్లలో అట్టపెట్టె విప్పనే లేదు. ర్యాంబాబు గొంతు ఇక్కడే పూడుకుపోతుంది. "విప్పలేదటండీ! ఆ పెట్టె ఒక్కటి దొరికితేనా..."

ఆయన చెప్పని ముక్క ఒకటుంది, నేను చెబుతాను. మార్క్ వార్‌షావర్ అనే పరిశోధకుడు 2003 నాటి తన పుస్తకంలో రాశాడు. నిరుద్యోగ భృతి తీసుకునేవాళ్లని ఆఫీసుకి రానక్కర్లేదు, ఇంట్లో కంప్యూటర్ నుంచే హాజరు వేసుకోమన్నారు. వాళ్లకి నచ్చలేదు. వరసలో నిలబడి నలుగురితో కబుర్లు చెప్పుకునే ఆ కాసేపూ పోయింది మరి. మళ్లీ వరసకే చేరారు.

తను బాగుచేసిన సిస్టమ్ ఆరునెలలు కిక్కురుమనకుండా నడిచిందంటే ర్యాంబాబుకి తోచదు. తనే ఫోన్ చేస్తాడు. "ఎలా ఉందమ్మా? ఫ్యాన్ శబ్దం చేస్తోందా?"

లేదంటే, "ఓహో" అని ఊరుకుంటాడు. ఆ ఓహో ఎలాంటిదో ఎరిగిన ఇల్లాళ్లు లేదనరు. "కొంచెం చేస్తోంది అన్నయ్యగారూ. ఆదివారం వదినగారిని కూడా తీసుకుని భోజనానికి రండి, చూద్దురుగాని" అంటారు.

వదినగారు కొత్త ల్యాప్‌టాప్‌లో సీరియల్ ఆపకుండానే, "మీరు వెళ్లిరండి, నాకు డ్యూటీ ఉంది. పెసరట్టు పెడితే రెండు కట్టించుకు రండి" అంటుంది.