స్పీడ్ లిమిట్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: స్పీడ్ లిమిట్ 65.

అవతారిక: టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ చుట్టుపట్ల హైవేల పక్కన, తెల్లరేకు మీద నల్లక్షరాలతో వెలసిన సూత్రమిది. మూలంలో లేని ముక్క రాయనని మెదక్ దగ్గరి కొల్చారం పండితుడు మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఈ టీకాకారుడు అంత మాట ఇవ్వలేడు. ఈ సూత్రంలో అసలు సంగతులన్నీ మూలంలో లేనివే.

ప్రతిపదార్థం: స్పీడ్ = వేగము, గంటకు మైళ్లలో; లిమిట్ = ఎల్ల; 65 = డెబ్బై రెండు.

ఇక్కడ శంక. అరవై అయిదుకు డెబ్బై రెండని అర్థమెట్లా వచ్చింది? లోకవ్యవహారం వల్ల. "అయిదెక్కువైతే పోలీసు ఏమనడు, పదిలోపు పర్లేదు" అని డాలస్ పక్క ఇర్వింగ్‌లో దిగిన మొదటి వారంలోనే సీనియర్లు చెవిలో ఊదుతారు. ట్రాఫిక్ ఇంజనీర్లది కూడా ఇంచుమించు ఇదే దారి. రద్దీ లేని రోడ్డు మీద నూటికి ఎనభై అయిదు మంది ఏ వేగం దాటకుండా పోతున్నారో కొలిచి, దానికి దగ్గర్లో అంకె వేయడం వాళ్ల సంప్రదాయం. అంటే భాష్యం ముందు పుట్టి, సూత్రం తర్వాత పుట్టిందన్నమాట.

"లిమిట్" మరీ చిత్రం. టెక్సస్ చట్టంలో అంకె దాటడమంటే, నీ వేగం సబబు కాదని పైచూపుకు రుజువైనట్టు మాత్రమే. సబబేనని నువ్వు వాదించుకోవచ్చు. వెనక అద్దంలో ఎర్రనీలి దీపాలు గిర్రున తిరుగుతుండగా ఆ వాదం ఎత్తుకున్న తెలుగువాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

పాఠాంతరాలు: 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేస్తే, 1974 జనవరిలో నిక్సన్ దేశమంతటికీ 55 అనే పాఠం ఖాయం చేశాడు. 1995లో గానీ అది పూర్తిగా చెరగలేదు. ఆ వెంటనే మోంటానా ప్రతిలో పగటిపూటకు అంకే లేకుండా పోయింది: సబబుగా, జాగ్రత్తగా నడపండి, అంతే. ఇంతకీ ఎంత సబబు? అర్థం స్పష్టంగా లేదని 1998లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒక్క టీకాకారుణ్ణి పెట్టుకున్నా గట్టెక్కేవారు. ఇక ఆస్టిన్ దాటి సెగీన్ వైపు పోయే 130 నంబరు టోల్ రోడ్డు మీద 85. దేశంలో ఇంతకన్నా పెద్ద పాఠం లేదు. డబ్బు కట్టినవారికే చెల్లుతుంది.

ఇమిగ్రేషన్ కాండలో వేగానికి వేరే అర్థం. అక్కడ ప్రీమియం రుసుము కడితే 15 పనిదినాల్లో బదులొస్తుంది. ఆ బదులు "ఇంకా కాగితాలు పంపు" అనీ కావచ్చు. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే కాబట్టి వీసా బులెటిన్‌లో మన వంతు తేదీ ఒక నెలలో రెండు వారాలు జరుగుతుంది, ఆపైన కూలబడుతుంది, ఒక్కోసారి వెనక్కీ నడుస్తుంది. దాన్ని గమనమనవచ్చునో లేదో వైయాకరణులు తేల్చాలి.

తాత్పర్యం: నిరుడు అత్తగారిని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తున్నాను. ఇంటికి ఇరవై అయిదు మైళ్లు. 65 మీద ఇరవై మూడు నిమిషాలు, 79 మీద పందొమ్మిది. 79 మీద పోలీసు మామ పట్టాడు. "అంత తొందరేంటి బాబూ, ఇంటి దగ్గర ఎవరైనా ఎదురుచూస్తున్నారా?" అన్నారావిడ. ఎవరూ లేరు. అన్నం కూడా వండలేదు.

టికెట్ కొట్టేయించుకోవాలంటే డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు, ఆరు గంటలు, ఆన్‌లైన్‌లో. ప్రతి పేజీ కిందా ఒక గడియారం. ఎంత గబగబా చదివేసినా అది సున్నాకొచ్చేదాకా "నెక్స్ట్" బూడిదరంగులోనే ఉంటుంది, నొక్కితే పలకదు. అత్తగారు పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. గిన్నె సగం నిండాక తలెత్తి చూశారు.

"ఇంకా అదే పేజీనా బాబూ?"

గడియారం నాలుగు నిమిషాలు చూపిస్తోంది.