మిద్దెతోట మామ

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ఏ వీధికి వెళ్లినా ఒక మిద్దెతోట మామ తగులుతాడు. ఆయన అసలు పేరు రేషన్ కార్డుకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, మొక్కల దగ్గర రెండూ. పూత పూస్తే "మా తల్లే" అంటాడు, పూత రాలితే తమిళంలో తిడతాడు.

మీ ఇంటికొస్తే ముందు పలకరించేది మిమ్మల్ని కాదు, మీ వంటింటి చెత్తబుట్టను. "ఏమ్మా, అరటితొక్కలు పారేశావా?" అని నీరసంగా కూలబడతాడు. వాడిన టీపొడి, కోడిగుడ్డు పెంకులు, ఉల్లిపొట్టు సంచిలో వేసుకున్నాకే కాఫీ ముట్టుకుంటాడు. పెయింటు డబ్బాలో వంగ, పగిలిన కుక్కర్లో పుదీనా, మనవడి పాత స్కూలు బ్యాగులో టమాటా. 2019 జనవరి 1న తమిళనాడులో వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించినప్పుడు పండగ చేసుకోవాల్సిన మనిషి రెండు రోజులు దిగాలుగా ఉన్నాడు. టీ కప్పులు దొరక్కపోతే మిరప నారు ఎందులో పొయ్యాలి?

మామకు రసాయనం అన్న మాట వింటేనే కంపరం. పేనుబంక కనిపిస్తే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి నూరి, వడకట్టి చల్లుతాడు. ఆ పూట ఇంట్లో ఇడ్లీకి చట్నీ ఉండదు. పిండినల్లి పడితే వేపనూనెలో సబ్బునీళ్లు కలుపుతాడు. ఇవన్నీ పనిచేస్తాయి, ఒప్పుకోవాల్సిందే. అసలు చిక్కు పంచగవ్యంతో. పేడ, గోమూత్రం, పాలు, పెరుగు, నెయ్యి, వాటికి తోడు బెల్లం, అరటిపండ్లు, కొబ్బరినీళ్లు వేసి మూడు వారాలు మురగబెట్టాలి. కొడుముడి డాక్టర్ నటరాజన్‌ గారు రైతులకు నేర్పిన పద్ధతి ఇది. లీటరు నీళ్లకు 30 మిల్లీలీటర్లు చాలు. మామ మాత్రం డ్రమ్ముల లెక్కన కలుపుతాడు. పొద్దునా సాయంత్రం మూత తీసి, కర్రతో తిప్పి, ఆ గాలి పీల్చి తన్మయంగా కళ్లు మూసుకుంటాడు. ఆ సమయానికి వీధిలో కిటికీలు మూసుకుంటాయి.

అదింకా నయం. తూత్తుక్కుడి చేపలొచ్చే రోజున చేపవ్యర్థాలకు సమానంగా బెల్లం వేసి డబ్బాలో బిగిస్తాడు. 2020లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కడలమిఠాయి ఊరు కోవిల్‌పట్టి. ఊరంతా బెల్లంపాకంలో పల్లీలు వేస్తుంటే ఈయనొక్కడు చేపతలలు వేస్తాడు. "అది వాసన కాదురా, సూక్ష్మజీవులు" అంటాడు. పిల్లులకు ఆ తేడా తెలియదు. మేనల్లుడు డబ్బా మూత తీసిన మరునాటి నుంచి అత్తారింటికి రావడం మానేశాడు.

ఎవరైనా ముక్కు మూసుకుంటే నమ్మాళ్వార్ పేరెత్తుతాడు. సేంద్రియ సేద్యానికి తమిళనాట పెద్దదిక్కైన నమ్మాళ్వార్ 1963లో ఉద్యోగంలో చేరింది కోవిల్‌పట్టి వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనే. వానాధారపు పేద రైతుకు ఖరీదైన ఎరువుల ప్రయోగాలు ఒరగబెట్టేదేమీ లేదని 1969లో వదిలేసి వెళ్లాడు. ఇంతవరకూ నిజం. ఆ ఆరేళ్లలో ఆయన మామ వాళ్ల నాయనతో కూచుని టీ తాగాడన్నది మామ చేర్పు. ఊళ్లో మామలందరి నాయనలూ ఇలాగే టీ తాగించారు. లెక్క కడితే పాపం నమ్మాళ్వార్‌కు ఉద్యోగం చేసే తీరికే ఉండి ఉండదు.

వేపపిండి కోవిల్‌పట్టిలోనూ దొరుకుతుంది. మామకు మాత్రం విరుదునగర్‌దే కావాలి. నూనె, పప్పు, మిర్చి బేరాలకు పేరుపడ్డ ఆ ఊళ్లో వియ్యంకుడున్నాడు, నూనెలో మునిగే బరోటా కూడా ఉంది. పర్యావరణం కోసం బండి మీద సాత్తూరు దాటి సుమారు 50 కిలోమీటర్లు పోయి, అంతే దూరం పెట్రోలు కాల్చుకుంటూ వస్తాడు.

"నేల తల్లి మామా, రేగడిమట్టి తెచ్చి పోయరాదా?" అని ఎవరో అంటే బస్తాలు మోయించాడు. కరిసల్ అనే ఈ నల్లరేగడి పొలంలో బంగారం. కుండీలో తడిస్తే జిగురు, ఎండితే వేలు దూరేంత బీటలు. ఇప్పుడు మూడో వంతు మట్టి, మూడో వంతు కొబ్బరిపొట్టు, మూడో వంతు కంపోస్టు కలుపుతున్నాడు. బాగా పండుతోంది.

ఆ మట్టి ఎక్కడిదంటారా? సొంత పొలానిదే. మామకు ఊరవతల నాలుగెకరాల వానాధారపు భూమి ఉంది. అందులో సర్కారు తుమ్మ తప్ప మరో పంట లేదు. బొగ్గు కాల్చేవాళ్లకు గుత్తకిచ్చాడు. పక్కనే ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామం' అని నవల రాశాడు. తెలుగుదేశం నుంచి వలసొచ్చినవాళ్లు అడవి తగలబెట్టి సేద్యం మొదలుపెట్టిన కథ అది. మామ సేద్యాన్ని మళ్లీ అడవి చేసి, దాన్ని తగలబెట్టే పని ఇతరులకు అప్పగించాడు. "నాలుగెకరాలకు నీళ్లెక్కడివి?" అంటాడు. మాట అబద్ధం కాదు. తామ్రపర్ణి నీళ్లు పైపుల్లో వస్తే తప్ప ఊరికే గొంతు తడవదు. బియ్యం కడిగిన నీళ్లతో మిద్దె తడుస్తుంది గానీ పొలం తడవదు.

అటు వెళ్తే మామ మిద్దె ఎక్కి చూడండి. ఈశాన్య వానలు పడే అక్టోబరు తర్వాతైతే మంచిది, ముందు వెళ్తే మీచేత బిందెలు మోయిస్తాడు. నాలుగెకరాల ఊసెత్తకండి. వంకాయలిస్తే మొహమాటపడకుండా తీసుకోండి, చాలా రుచిగా ఉంటాయి. తొడిమలు మాత్రం తిరిగి పంపాలి, అడుగుతాడు.