పొంగిన ప్రతిసారీ కొత్త కార్బురేటరేనా?

ఇంజను కింద పెట్రోలు చుక్క కనపడితే చాలు, కార్బురేటరే మార్చెయ్యమంటున్నారు ఇప్పుడు. అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్ తోటల్లో, బూర్గంపాడు, దుమ్ముగూడెం వైపు పత్తి, మిర్చి చేలల్లో పవర్ వీడర్లు బాగా తిరుగుతున్నాయి. ఎడ్లు తగ్గిపోయాయి, కలుపుకు కూలీలు దొరకడం లేదు, సాళ్ల మధ్య గడ్డి తీయాలంటే ఆ చిన్న ఇంజనే దిక్కు. యంత్రం రావడం మంచిదే, దాని మీద నాకు ఏ కోపమూ లేదు. దాని కార్బురేటర్ పొంగి పెట్రోలు కారిన రోజున జరిగే తంతు చూస్తేనే ఒళ్లు మండుతుంది. రైతు అదునులో పని ఆపుకొని, బండిని ఆటోలో వేసుకొని భద్రాచలమో కొత్తగూడెమో పోతాడు. అక్కడి కుర్రాడు కనీసం కింది కప్పు కూడా విప్పడు. "ఇది అయ్యేటట్టు లేదన్నా, కొత్తది ఎయ్యాలె" అంటాడు. కొత్తది వేయించుకొచ్చిన వారం లోపే మళ్లీ పొంగుతుంది. ట్యాంకులో మడ్డి అలాగే ఉంటే కొత్తదైనా పొంగక ఏం చేస్తుంది?

మా రోజుల్లో ఈ అడవి అంచు ఊళ్లకు కరెంటు లైను చేల దాకా వచ్చేది కాదు. కిన్నెరసాని పక్కన, గోదావరి పక్కన, చిన్నా చితకా వాగుల పక్కన కిరసనాయిలు ఇంజన్లు పెట్టి నీళ్లు తోడుకునేవాళ్లం. ఆ ఇంజనుకు రెండు అరల ట్యాంకు. చిన్న అరలో పెట్రోలు, పెద్ద అరలో రేషను షాపులో ఇచ్చే నీలం రంగు కిరసనాయిలు. పెట్రోలు మీద స్టార్టు చేసి, ఇంజను ఒంట్లో వేడి పుట్టాక కిరసనాయిలుకు తిప్పాలి. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు తిప్పి, కప్పులో మిగిలిన కిరసనాయిలు అయిపోయేదాకా నడవనివ్వాలి. ఆ ఒక్క పని మరిచిపోతే తెల్లారి ఎంత తాడు లాగినా ప్లగ్గు తడిసి నల్లబడడం తప్ప ఇంజను అందుకోదు. అందుకే చదువు రాని రైతుకు కూడా కార్బురేటర్ కప్పులో ఏముందో, ఎంతుందో లెక్క తెలిసేది.

అసలు మేం కావాలనే పొంగించేవాళ్లం. మైసూరులో తయారైన జావా, యెజ్డీ బళ్లకు, రాజ్‌దూత్‌కు కార్బురేటర్ మీద చిన్న బొడిపె ఉండేది. చలికాలం పొద్దున్నే దాన్ని వేలితో నొక్కితే లోపలి ఫ్లోట్ కిందికి దిగి, పెట్రోలు కప్పు నిండి వేలికి తడి తగిలేది. తడి తగలగానే వేలు తీసెయ్యాలి. ఇంకో రెండు క్షణాలు నొక్కి ఉంచితే ప్లగ్గు మునిగేది. ఎంత పొంగితే బండి లేస్తుందో, ఎంత పొంగితే కూలబడుతుందో వేలి కొసకు తెలిసిన కాలం అది. ఇప్పటి కుర్రాళ్లది తెలివి తక్కువ అనను. వాళ్ల చేతికి ఆ పని తగలకుండా పోయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ సిక్స్ కాలుష్య నిబంధన వచ్చాక కొత్త మోటార్‌సైకిళ్లలో చాలా వాటికి కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చేసింది. బళ్ల షెడ్డులో పని నేర్చుకునేవాడు కార్బురేటర్ విప్పకుండానే మెకానిక్ అయిపోతున్నాడు. చేలో వీడరుకు, స్ప్రేయరుకు, గడ్డి కోసే మిషనుకు మాత్రం కార్బురేటరే ఉంది. దాన్ని బాగుచేసే చెయ్యి ఏదీ?

పొంగడం వెనుక పెద్ద మర్మం లేదు. ఇంటి మీద నీళ్ల ట్యాంకులో బంతి తేలి కుళాయి మూసినట్టే, కప్పులో ఫ్లోట్ తేలి ఒక నీడిల్‌ను పైకి నెట్టి పెట్రోలు దారి మూస్తుంది. ఆ నీడిల్ సరిగా మూయకపోతే పెట్రోలు ఆగదు, అంతే. ఎందుకు మూయడం లేదన్నదే వెతకాలి.

ముందు ట్యాంకు కింద కాక్ కట్టెయ్యాలి. చుట్టుపక్కల బీడీ ఉండకూడదు. స్క్రూడ్రైవర్ పిడితో కప్పును మెల్లగా తట్టి చూడాలి, ఇరుక్కున్న నీడిల్ ఒక్కోసారి దానికే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, కాక్ ఒక్క క్షణం తెరిచి, వచ్చే పెట్రోలును గాజు సీసాలో పట్టాలి. అడుగున తుప్పు రేణువులో నీటి బొట్టో కనపడితే దొంగ దొరికాడు. అప్పటికీ ఆగకపోతే పది నంబరు స్పానర్‌తో కింది బోల్టు విప్పి, ఫ్లోట్ పిన్ను లాగి నీడిల్ చేతిలోకి తీసుకోవాలి. దాని మొనను వెలుతురుకు పట్టి చూస్తే అరిగిన చోట సన్నటి గీత గుండ్రంగా కనపడుతుంది. గీత ఉంటే నీడిల్ ఒక్కటే మార్చాలి, కార్బురేటర్ మొత్తం కాదు. గీత లేకపోతే సీటులో చెత్త ఉన్నట్టు. అగ్గిపుల్లకు మెత్తటి గుడ్డ చుట్టి తుడవాలి గానీ ఇనప తీగ పెట్టి గీకకూడదు. ఇత్తడి సీటు మీద గీత పడిందంటే ఇక దాన్ని ఎవరూ మూయించలేరు.

పాత ఇత్తడి ఫ్లోట్లయితే చెవి దగ్గర పెట్టుకొని ఊపేవాళ్లం. లోపల చప్పుడైతే చిల్లు పడి పెట్రోలు చేరినట్టు. వేడి నీళ్లలో ముంచితే బుడగలు వచ్చిన చోటే చిల్లు. దానికి మాటు వేయడం కూడా ఒడుపుగా వేయాలి. సీసం ఎక్కువైతే ఫ్లోట్ బరువెక్కి మునుగుతుంది, మళ్లీ పొంగుతుంది. మా ఊళ్లో కంసాలి మాటు వేసి, ఆకురాయితో అరగదీసి ఇచ్చేవాడు. ఇప్పుడన్నీ ప్లాస్టిక్ ఫ్లోట్లు, నీడిల్ మొనకు రబ్బరు. మూయడంలో ఆ రబ్బరు మొన పాత ఇత్తడి కంటే మేలే, ఒప్పుకుంటాను. బిగించే ముందు కార్బురేటర్‌ను తలకిందులు చేసి, పెట్రోలు వచ్చే గొట్టానికి శుభ్రమైన పైపు తగిలించి ఊదాలి. ఫ్లోట్ బరువుకే నీడిల్ మూసుకొని గాలి ఆగాలి, ఫ్లోట్ ఎత్తితే గాలి పోవాలి. ఈ ఒక్క పరీక్ష చేసి పంపే షెడ్డు దొరికితే రైతు మళ్లీ ఆటో కట్టాల్సిన పనుండదు.

చెత్త ఎక్కడిదంటారా? మా వైపు ఊళ్లలో పెట్రోలు కిరాణా కొట్టులో నీళ్ల సీసాలో దొరుకుతుంది. ఆ సీసా ఎన్నిసార్లు నింపిందో, మూత ఎక్కడ పడేసిందో ఎవరూ చూడరు. మేం పాత ధోవతి గుడ్డ నాలుగు మడతలు వేసి వడగట్టకుండా ట్యాంకులో చుక్క పోసేవాళ్లం కాదు. పెట్రోలు కూడా మారింది. 2022 జూన్‌కల్లా దేశంలో సగటున పది శాతం ఇథనాల్ కలిపారు, 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం కలిపిన పెట్రోలు అమ్మకం మొదలుపెట్టారు. ఇథనాల్ గాలిలో తేమను పట్టుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. వానాకాలమంతా చెమ్మ ఆరని ఈ అడవి పక్కన, వీడరును సగం ట్యాంకుతో కొట్టంలో పడేస్తే దసరా నాటికి కప్పులో నీళ్లూ తుప్పూ చేరక మానవు. పని అయిపోగానే కాక్ కట్టి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడిపి, కప్పు ఖాళీ చేసి పెట్టాలి. అమ్మినవాడు ఈ మాట చెప్పడు, కొన్నవాడు అడగడు.

ఇంకొకటి చూస్తున్నాను. వీడరును ఆటోలో వాలుగా పడుకోబెట్టి, కాక్ తెరిచే ఉంచి, గుంతల రోడ్డు మీద తీసుకుపోతున్నారు. దారి పొడుగునా ఫ్లోట్ ఎగిరెగిరి పడుతుంటే పెట్రోలు సిలిండరులోకీ, అక్కడి నుంచి ఆయిల్లోకీ దిగుతుంది. మొన్న ఒక పిల్లవాడు "తాతా, ఆయిల్ తగ్గలేదు, పెరిగింది" అని సంబరంగా చెప్పాడు. గేజీ పుల్ల తీసి వాసన చూడమన్నాను. పెట్రోలు వాసన గుప్పుమంది. ఆ చిన్న ఇంజన్లలో ఆయిల్ పట్టేదే అర లీటరు పైచిలుకు, అందులో పెట్రోలు కలిస్తే జిగట పోయి నీళ్లలా అవుతుంది. అలాగే నడిపితే బేరింగు, పిస్టను పట్టేస్తాయి. అప్పుడు పోయేది కార్బురేటర్ కాదు, ఇంజనే.

కాబట్టి కార్బురేటర్ పొంగిన ఇంజను తాడు లాగే ముందు గేజీ పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే ఆయిల్ మార్చండి. పాత సామాను ఎదురుగా విప్పి చూపించకుండా "మార్చాలి" అనే షెడ్డులో మాత్రం బండి దించకండి.