చుక్క కారకుండా దిగిపోయాను

నన్ను చూసినవాళ్లలో సగంమంది మంచమనుకుంటారు. ఈ ఇంటి వంటావిడ కోనసీమ నుంచి వచ్చింది. వచ్చిన కొత్తలో నన్ను ఇస్త్రీ బల్ల అనుకుని యజమాని బాబాగారి తెల్ల తోబ్ ఒకటి నా మీద పరిచేసింది కూడా. గ్రీజు మరక పడ్డాక గానీ నేను బట్టల జోలికి పోయే రకం కాదని ఆవిడకు తెలియలేదు. నేను మోటారు సైకిలు ఎత్తే బల్లని. పైన ఇనుప పలక, దాని కింద కత్తెర వాటంగా కలిసిన కాళ్లు, ఆ కాళ్లను తోసే సిలిండరు, సిలిండరుకు నూనె పంపే కాలి పంపు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే బిగింపు. 450 కిలోలు మోస్తానని నా పక్కన రేకు మీద గుద్ది ఉంది.

పుట్టిల్లు చైనా. ఏ ఊరో రేకు మీద రాయలేదు. కంటైనర్లో చీకటిగా ప్రయాణం చేసి హమద్ పోర్టులో దిగాను. 2017 జూన్‌లో సౌదీ సరిహద్దు మూసేశాక ఖతర్‌కు పెద్ద దిక్కయిన రేవు అది. అక్కణ్ణుంచి దుకాణం, దుకాణం నుంచి అల్ వక్రాలో ఈ విల్లా. దోహాకు దక్షిణాన, సముద్రం ఒడ్డున ఉండే ఊరు. ఉప్పుగాలికి ఇనుము ఎలా ఉంటుందో నన్నడగండి.

బాబా కొడుక్కి వెయ్యి సీసీ బండి ఉంది, తూకం రెండువందల కిలోల చిల్లర. చలికాలం రాగానే దాన్ని లుసైల్ ట్రాకుకు తీసుకుపోతాడు. 2004 నుంచి మోటోజీపీ జరుగుతున్న ట్రాకు అది. ఆ పోటీల చరిత్రలో మొదటి రాత్రి రేసు 2008లో జరిగిందీ అక్కడే. ఇంటికొచ్చాక బండిని నా మీదికెక్కించి గొలుసుకు నూనె పూస్తాడు, టైర్లు తడుముతాడు, ఫోటోలు తీస్తాడు. ఫోటోలే ఎక్కువ.

జబ్బు వేసవిలో బయటపడింది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని ఈ దేశంలో నిబంధన. రేకుల షెడ్డులో నిలబడ్డ నాకు అది వర్తించదు. రాత్రి ఎత్తి వదిలేసిన బండి మర్నాడు మధ్యాహ్నానికి జానెడు దిగింది. సాయంత్రానికి ఇంకాస్త. నా పలక అంచు కింద ఎవరో తోసి పెట్టిన ప్లాస్టిక్ స్టూలు పగిలి ముక్కలైంది. స్టూలు కాబట్టి సరిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాతోపాటే అట్టపెట్టెలో ఒక ఇనుప కడ్డీ వచ్చింది. నన్ను ఎత్తాక కాళ్ల మధ్య బెజ్జాల్లో దాన్ని అడ్డంగా దూర్చాలి. దూర్చితే నా ఒంట్లో నూనెంతా నేలపాలైనా నేను దిగను. ఎత్తడం వరకే నూనె పని, నిలబెట్టడం కడ్డీ పని. ఈ ఇంట్లో ఆ కడ్డీని గ్యారేజీ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నారు.

సనాయ నుంచి ఒక మెకానిక్కును పిలిపించారు. ఇండస్ట్రియల్ ఏరియాను ఇక్కడ మనవాళ్లంతా సనాయ అనే అంటారు. అతను నిలబడే చూశాడు, నడుం వంచలేదు. సీలు పోయింది, సిలిండరే మార్చాలన్నాడు. చెప్పిన ధరకు ఇంకొంచెం కలిపితే కొత్త బల్లే వస్తుంది. దీన్ని తుక్కులో పడేద్దామన్నాడు బాబాగారి కుర్రాడు.

అప్పుడు నోరు విప్పాడు డ్రైవరు. గేటు పక్క గదిలో ఉంటాడు, మెట్‌పల్లి దగ్గరి పల్లెవాడు. "బాబా, ఏక్ జుమ్మా దేదో, మై దేఖేగా" అన్నాడు గల్ఫ్ హిందీలో. ఆ శుక్రవారం నిజానికి అతనిదే. ఇంటిపనివాళ్ల కోసం 2017లో చేసిన 15వ నంబరు చట్టం వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలంటుంది. డ్రైవర్లూ ఆ లెక్కలోకే వస్తారు. సెలవు రోజు ఊరికి వీడియో కాల్ చేసుకోక నా కిందికి దూరుతానన్న మనిషి మీద నాకు మొదట అనుమానమే కలిగింది. చేతిలో పనున్నవాడు ఇలా ఊరికే ఒప్పుకోడు కదా అనుకున్నాను.

నాకు తెలియనిదేమిటంటే, కుర్రతనంలో అతను బోరింగులు బాగుచేసే మేస్త్రీ వెంట తిరిగాడు. తెలంగాణ పల్లెల్లో వీధివీధికీ ఉండే చేతిపంపులు, ఇండియా మార్క్ 2 రకం. గొట్టాలన్నీ పైకి లాగి, అడుగున వాల్వు విప్పి, తోలు వాషర్లు మార్చి మళ్లీ దించేవారు. ఆ పంపుకూ నాకూ చుట్టరికం దగ్గరిదే. అక్కడ నీళ్లు, ఇక్కడ నూనె. పొద్దున్నే బోరింగు కొడితే కాసేపటిదాకా నీళ్లు రావంటే కింద వాల్వు నిలవడం లేదని అర్థం. రాత్రంతా నీళ్లు జారిపోయాయన్నమాట. వేసవికి ముందు నుంచే నా పెడలు మొదటి తొక్కుళ్లు ఉత్తగా పోతున్నాయి. కుర్రాడు విసుక్కోవడమే తప్ప ఎందుకని అడగలేదు. డ్రైవరు ఒక్కసారి తొక్కి చూసి ఆగాడు. "గీ కథ నాకెర్కే" అన్నాడు తనలో తనే.

నా బలం రహస్యమేమీ కాదు. మూసిన పాత్రలో ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్ దేశపు పాస్కల్ చెప్పాడు. నా పంపు పిస్టను సన్నం, సిలిండరు పిస్టను లావు. వ్యాసం మూడు రెట్లుంటే వైశాల్యం తొమ్మిది రెట్లు, బలమూ తొమ్మిది రెట్లే. పెడలు తులాదండం దాన్ని ఇంకా పెంచుతుంది. ఈ సూత్రంతో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. మొదట్లో ఆయనకు నూనె కాదు, నీళ్లూ కాదు, సీలుతోనే తలనొప్పి. పిస్టను చుట్టూ కారిపోయేది. ఒత్తిడి పెరిగేకొద్దీ తానే బిగుసుకునే తోలు పట్టీని ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే అమర్చాడంటారు. బోరింగులో మన డ్రైవరు మార్చిన తోలు వాషరుదీ అదే పని. నా ఒంట్లో తోలు బదులు రబ్బరు, అంతే తేడా.

నేల మట్టంలో ఉన్నప్పుడే నాకు కష్టం ఎక్కువ. కాళ్లు దాదాపు పడుకుని ఉంటాయి కాబట్టి సిలిండరు తోపులో పైకి ఎత్తడానికి పనికొచ్చేది కొంచెమే. అప్పుడు బండి బరువుకు కొన్ని రెట్లు తోయాలి. సగం లేచాక హాయి. అందుకే నాలాంటివాళ్ల రోగాలు మొదటి జానెడులోనే బయటపడతాయి.

శుక్రవారం పొద్దున్నే డ్రైవరు చేసిన మొదటి పని నన్ను తుడవడం. గుడ్డ పెట్టి పంపు, గొట్టం, సిలిండరు చివర, అన్నీ పొడిగా తుడిచాడు. తడి మీద కొత్త తడి కనబడదు మరి. తర్వాత అట్టపెట్టె చింపి నా కింద పరిచాడు. బండి బదులు తాగునీళ్ల క్యాన్లు పేర్చాడు. అయిదు గాలన్ల క్యాను ఒక్కోటీ పందొమ్మిది కిలోల దాకా తూగుతుంది. ఎత్తి, కడ్డీ బెజ్జాలకు బాగా కిందుగా నా కాలి మీద సుద్దముక్కతో గీత గీశాడు. కడ్డీ కూడా దూర్చాడు, కానీ రెండంగుళాలు దిగనిచ్చే బెజ్జంలో. దిగితే తెలియాలి, పడితే ఆగాలి.

వంటావిడ టీ పట్టుకొచ్చి వంగి చూసింది. "చుక్క కూడా కారలేదు కదన్నయ్యా. మరి నూనె ఏమైనట్టండీ?"

"గదే అడుగుతున్న చెల్లె, దాన్నే."

నన్నే అడుగుతున్నాడు. నేను చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేదాన్ని. గీత మాత్రం దిగుతూనే ఉంది, అట్ట మాత్రం పొడిగానే ఉంది. సిలిండరు సీలు పోతే నూనె రాడ్డు వెంట బయటికి కారాలి. కారలేదంటే సీలు నిర్దోషి. నిలబడి చూసి పోయినవాడు దాని మీద వేసిన నింద తప్పని తేలిపోయింది. ఇక నూనె లోలోపలే జారుతోంది. దానికి దారులు రెండు. పంపు వైపు వాల్వు నిలవకపోతే ఒత్తిడి వెనక్కి తన్ని పెడలు తనంతట తానే లేస్తుంది. డ్రైవరు పెడలు మీద అరచేయి పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. పెడలు కదల్లేదు. మిగిలింది దించే వాల్వు, అంటే విడుదల చేసినప్పుడు నూనెను తిరిగి ట్యాంకులోకి పోనిచ్చేది.

వెంటనే విప్పేయలేదు. దించే పెడలును వాల్వుకు కలిపే కమ్మీ వంకరపోయి వాల్వును కాస్త తెరిచి ఉంచుతోందేమో అని దాన్ని ఊడదీసి చూశాడు. తేడా లేదు. పక్కనే ఇంకో మర ఉంది, బరువు మించితే తెరుచుకునేది, కర్మాగారంలో సరిచేసి రంగు పూసి పంపింది. చాలామంది చేతులు ముందు దాని మీదికే పోతాయి, దాన్ని బిగిస్తే బలం వస్తుందనుకుంటారు. బలం రాదు, మించిన బరువు ఎక్కినా నేను ఒద్దనలేని స్థితి వస్తుంది. డ్రైవరు దాని జోలికి పోలేదు. ఆ క్షణంలో నాకు అతని మీద గురి కుదిరింది.

మధ్యాహ్నం గీత వేగంగా దిగింది. పొద్దున మెల్లగా దిగిన గీతే అది. నాకు పోసే నూనె డబ్బా మీద 32 అని ఉంటుంది, 40 డిగ్రీల వేడిలో దాని చిక్కదనం అంత అని. షెడ్డు వేడి అంతకు మించితే నూనె పలచబడి సన్న సందులోంచి కూడా పరుగు తీస్తుంది. ఎండకూ నా జబ్బుకూ లంకె ఇదే. చలికాలంలో ఎవరూ గమనించకపోవడానికి కారణమూ ఇదే.

క్యాన్లు దించి, నన్ను నేలకు ఆనించి, ఒత్తిడంతా పోయాకే వాల్వు విప్పాడు. ఒత్తిడి ఉండగా విప్పితే నూనె చర్మంలోకి దూరుతుంది, అది ఆసుపత్రి వ్యవహారం. లోపల చిన్న ఉక్కు గోళీ, అది కూర్చునే గుంట. గోళీ మీద సన్నని గీరుడు, గుంట అంచున ఒక ఇసుక రేణువు. ఇంత ఇనుము, ఇంత నూనె, ఇంత లెక్క, దిగిపోయింది ఆ రేణువు దగ్గర. అది ఎలా వచ్చిందంటే, నూనె పోసే రంధ్రానికి ఉండాల్సిన రబ్బరు బిరడా అలమరలో ఉంది. కుర్రాడు ఎప్పుడో తీసి మళ్లీ పెట్టలేదు. ఇక్కడ షమాల్ గాలి వీస్తే మూసిన కిటికీల్లోంచి కూడా దుమ్ము వచ్చేస్తుంది. తెరిచిన రంధ్రం సంగతి చెప్పాలా? నూనె బయటికి తీస్తే పాలలా తెల్లబడి ఉంది. వక్రా గాలిలోని తేమంతా అందులో చేరింది.

పక్కింటి డ్రైవరొకడు గోడ మీంచి సలహా ఇచ్చాడు. కారుకు పోసే బ్రేక్ ఆయిల్ ఉంది కదా, అదే పోసెయ్యమని.

"పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బి ఖరాబైతయి కాకా. దీనికి గది పడది" అన్నాడు మనవాడు.

నిజమే. మామూలు బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ జాతి, నా రబ్బర్లు ఖనిజ నూనెకు అలవాటుపడ్డవి. ఆ రెండూ కలిస్తే నిర్దోషి అని తేలిన సీలు కూడా దోషి అయ్యేది.

జుమ్మా నమాజు అయ్యాక సనాయలో దుకాణాలు తెరిచాయి. మలయాళీ కొట్టులో పాత గోళీ చూపించి అదే సైజు కొత్తది, రెండు ఓ రింగులు, ఒక రాగి వాషరు, లీటరు 32 నూనె కొనుక్కొచ్చాడు. బిల్లు ఎంతయిందో బాబాకు చెప్పినప్పుడు ఆయన నవ్వాడు, కుర్రాడు నవ్వలేదు. గుంటను శుభ్రం చేసి, కొత్త గోళీ కూర్చోబెట్టి, దాని మీద ఇత్తడి ముక్క ఆనించి సుత్తితో ఒక్కటే దెబ్బ, మెత్తగా. గుంట అంచు గోళీ ఆకారానికి ఒదగడానికి ఆ దెబ్బ. గట్టిగా కొడితే గుంటే పోతుంది. నాకు నొప్పి అంటే ఏమిటో తెలియదు కానీ, ఆ ఒక్క దెబ్బకు ముందు అతను ఊపిరి బిగబట్టడం తెలిసింది.

నూనె పోయడంలోనూ పద్ధతి ఉంది. నేను పూర్తిగా దిగి ఉన్నప్పుడే రంధ్రం అంచుదాకా పోయాలి. లేచి ఉన్నప్పుడు నింపితే దిగేటప్పుడు వెనక్కి వచ్చే నూనెకు చోటుండదు. తర్వాత దించే వాల్వు తెరిచి ఉంచి ఊరికే తొక్కాడు, లోపల చిక్కుకున్న గాలి ట్యాంకులోకి బుడగలుగా పోయేదాకా. వాల్వు మూసి తొక్కితే పెడలు మొదట మెత్తగా, ఆ తర్వాత గట్టిగా తగిలింది. మొదటి తొక్కుకే కదిలాను. బిరడా తన చోటికి వచ్చింది.

క్యాన్లు మళ్లీ ఎక్కాయి, సుద్దగీత మళ్లీ పడింది. మర్నాడు మధ్యాహ్నం ఎండ మండిపోతుండగా డ్రైవరు వచ్చి చూస్తే గీత గీసినచోటే ఉంది. అతను పొంగిపోలేదు. సాయంత్రందాకా ఆగి ఇంకోసారి చూశాడు.

ఆ రాత్రి కుర్రాడు బండి ఎక్కించాడు, తొక్కాడు, పైకి లేపాడు. రెంచి అందుకుని కింద కూర్చోబోయాడు. డ్రైవరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, ఒక చేతిలో కడ్డీ, ఇంకో చేతిలో బండి తాళం.

"అబ్ ఠీక్ హై నా? బార్ క్యూఁ?" అన్నాడు కుర్రాడు.

"బార్ మాఫీ, చాబీ మాఫీ."

కడ్డీ లేకపోతే తాళమూ లేదన్నమాట. కుర్రాడు అరబ్బీలో ఏదో గొణిగి కడ్డీ అందుకుని నా కాళ్ల మధ్య దూర్చాడు. గ్యారేజీ తలుపు గాలికి కొట్టుకుంటుంటే దానికి అడ్డం పెట్టడానికి వంటావిడ ఒక ఇటుక తెచ్చింది.