పోనీ, మన నీళ్లే!

ఏడాదంతా పారే నది ఒక్కటీ లేని ఎమిరేట్స్, సముద్రపు నీటికి ఉప్పు వదిలించి, అబుధాబిలోని లివా ఇసుక కింద 2.6 కోట్ల ఘనపు మీటర్ల మంచినీళ్లు దాచింది. ఆపదొస్తే పది లక్షల మందికి 90 రోజులు, మనిషికి రోజుకు 180 లీటర్లు! 2018లోనే అంతా సిద్ధం. అంతటి పొదుపరి దేశమే దుబాయ్‌లోని ఓ మాల్‌లో మంచుకొండ పేర్చి జనాన్ని జారుడాట ఆడిస్తోంది. అది వేరే లెక్క లెండి!

మనకా తంటా లేదు. కృష్ణా గోదావరులు కడలిపాలు, వానాకాలం కాలనీలు వరదపాలు, ఎండాకాలం జీతాలు ట్యాంకర్లపాలు. దుబాయ్‌లో కుళాయి బిగించి మరీ కట్టే మన కరీంనగర్ అన్న సెలవుకు ఊరొస్తే, మేడ మీద ట్యాంకు పొర్లి గోడంతా తడుస్తున్నా మంచం దిగడు. ‘పోనీ, మన నీళ్లే కదా!’